ఆపద్బాంధవులకు బాంధవు లెవరు?

శ్రీమన్నారాయణుని దివ్యనామములలో ఆర్తులకు మిక్కిలి దగ్గరైనది ఆపద్బాంధవుడను నామము. కలిమిలో చుట్టములు పెక్కురు. ఆపదలో చుట్టము ఆయన యొక్కడే. మడుగులో మొసలికి చిక్కిన గజేంద్రుడు మొరపెట్టగా, స్వామి ఉన్నపాటున పరుగెత్తి వచ్చెనని భాగవతము చెప్పుచున్నది. పిలుపు విని పరుగెత్తుట భగవంతుని లక్షణము. కావున లోకములో పరుల యాపద చూచి పరుగెత్తువానియందు ఆ క్షణమున భగవంతుని కరుణయే పనిచేయుచున్నదని వైష్ణవుల విశ్వాసము. వాని చేయి స్వామి చేయి.

అయితే ఆ చేయి రక్తమాంసముల చేయి. అది అలసిపోవును, వణకును. దాని వెనుకనున్న మనస్సు మనుష్యుని మనస్సే. మొదటి మాటను లోకము పొగడ్తగా చెప్పుకొనుచున్నది. ఈ రెండవ మాటను మరచిపోవుచున్నది.

నెల్లూరునకు తూర్పున, బంగాళాఖాతపు టొడ్డున తోటపల్లి గూడూరు మండలమున్నది. వరిమళ్ళు, రొయ్యల గుంటలు, వాని కావల ఇసుకదిబ్బలు, మత్స్యకారుల పాలెములు, ఆపైన సముద్రము. కార్తికమాసమున కోడూరు తీరమునకు భక్తులు సముద్రస్నానమునకై వత్తురు. పుణ్యమాసమైన ఆ కార్తికమే ఈ తీరమున తుఫానుల కాలము. ఒకే సముద్రము ఒకనాడు తీర్థమై పాపములను కడుగును. మరియొకనాడు ఉప్పెనయై ఇండ్లను కడిగివేయును. ఈ రెండు రూపములను ఎరిగి బ్రతుకుట తీరవాసులకు తాతల నాటినుండి అలవాటు.

1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి, ఇంచుమించు పదివేలమంది ప్రాణములను తీసికొన్నది. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమున తీరము దాటిన తుఫాను నెల్లూరు సీమను కుదిపివేసినది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆంధ్రతీరమున నూరుమందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. 2021 నవంబరులో పెన్నానది పొంగి నెల్లూరు పరిసరములను ముంచెత్తినప్పుడు, దామరమడుగు వద్ద వరదలో చిక్కినవారిని రక్షింపబోయి, రాష్ట్ర విపత్తు స్పందన దళమునకు చెందిన ఒక కానిస్టేబులు ఆ నీటిలోనే ప్రాణములర్పించెను.

ఈ విపత్తులలో మృతుల లెక్క యున్నది. కూలిన యిండ్ల లెక్క యున్నది. చచ్చిన పశువుల లెక్కయు నున్నది. కాని దివిసీమలో నీరు తీసిన పిదప, బురదలోను ముళ్ళపొదలలోను చిక్కిన శవములను తమ చేతులతో పైకి తీసి, సంస్కారము చేసినవారు ఆ తరువాత ఎన్ని రాత్రులు నిద్రలేక గడపిరో ఏ లెక్కలోను లేదు. దామరమడుగు వద్ద తమ సహచరుని పోగొట్టుకొన్న దళమువారు మరుసటి పడవ నెక్కునప్పుడు వారి గుండెలో నేమి జరిగెనో ఏ పత్రికలోను రాదు.

పోలీసులు, అగ్నిమాపక దళమువారు, జాతీయ విపత్తు స్పందన దళమువారు, 108 అంబులెన్సు సిబ్బంది, తెగిన కరెంటు తీగల వద్దకు వెళ్ళు లైనుమన్లు, కళేబరములను ఎత్తు పారిశుద్ధ్య కార్మికులు, సర్కారు పిలుపునకు ముందే పడవలు వేసికొని వెళ్ళు మత్స్యకార యువకులు, వీరందరును అందరు పరుగెత్తి వచ్చు చోటికి ఎదురు పరుగెత్తువారు. వీరిలో జీతము తీసికొనువారు కలరు, తీసికొననివారు కలరు. చూచిన దృశ్యము మాత్రము అందరికి నొక్కటే.

ఒక పాలెములోని యింటిని ఊహింపుడు. వరదలో పడవ వేసికొని పోయి, చెట్టుపై చిక్కుకొన్న పలువురిని ఒడ్డునకు చేర్చిన కుమారుడు ఆ యింట నున్నాడు. ఊరివారు వానికి దండవేసిరి. ఫొటో తీసిరి. కాని చివరి మారు పోయినప్పుడు ఒక పసిదాని చేయి వాని చేతినుండి జారినది. దండ వాడిపోయినది, ఆ చేయి జారుట మాత్రము ప్రతిరాత్రి జరుగుచునే యున్నది. నడిరేయి లేచి కూర్చున్న కొడుకును చూచి తల్లి, "నిద్ర పట్టలేదా అబ్బయా?" అని అడుగును. "ఏం లేదమ్మా, నువ్వు పండుకో" అని వాడనును. పగటిపూట చిన్న మాటకు పెద్ద కోపము. పడవవైపు పోవుటకు జంకు. పిల్లలు నీటిలో ఆడుకొనుచు కేకవేసిన ఉలికిపాటు. కొన్నాళ్ళకు సాయంకాలము సారా వాసన. తండ్రి చూచి, "ఊరంతా మెచ్చుకొన్న మగవాడివి, నీకేం దిగులురా?" అని గద్దించును. ఆ గద్దింపుతో వాని నోరు పూర్తిగా మూతపడును.

ఇది పిరికితనమా? భక్తి లేకపోవుటచేత కలిగిన దౌర్బల్యమా? ఈ ప్రశ్నకు సమాధానము నెల్లూరివారు వెదకుకొని దూరము పోనక్కరలేదు. మనుమసిద్ధి కొలువున మంత్రియై, పెన్న యొడ్డున నివసించిన తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించెను. అందు మౌసలపర్వ మొకటి. ఆ చిన్న పర్వమున సముద్రము నోట పడిన ఒక నగరము కథయు, అక్కడివారిని కాపాడబోయిన ఒక వీరుని కథయు కలవు.

యాదవులు తమలో తాము కలహించి నశించిరి. బలరామ కృష్ణులు అవతారము చాలించిరి. దారుకుడు తెచ్చిన వార్త విని అర్జునుడు ద్వారకకు పరుగెత్తెను. అక్కడ దిక్కులేని స్త్రీలు, వృద్ధులు, బాలురు. మేనమామయైన వసుదేవుడు అర్జునుని చూచి విలపించి, మరునాటికే కన్నుమూసెను. అర్జునుడు ఆయనకు సంస్కారము చేసెను. కలహమున కూలిన బంధువులకు సంస్కారము చేసెను. తన ప్రాణసఖుడైన కృష్ణుని దేహమును వెదకించి దానికిని అగ్నిసంస్కారము జరిపించెను. ఏడవనాడు మిగిలినవారిని బండ్లపైకెక్కించి నగరము వెలుపలికి నడిపించెను. వారు కదలిపోవుచుండగా వెనుక సముద్రము పొంగి ద్వారకను ముంచివేసెను.

కథ అక్కడ ముగియలేదు. పంచనదమున విడిది చేసియుండగా, దుడ్డుకర్రలు చేబట్టిన ఆభీరులు ఆ పరివారముపై పడిరి. కురుక్షేత్రమున మహారథులను గెలిచిన అర్జునునకు ఆనాడు గాండీవము ఎక్కుపెట్టుటయే కష్టమయ్యెను. అస్త్రములు స్మరణకు రాలేదు. అక్షయతూణీరములలో బాణములు నిండుకొనెను. తుదకు వింటికొప్పుతో కొట్టి పోరాడెను. అతని కన్నుల యెదుటనే పెక్కుమంది స్త్రీలను దొంగలు లాగికొనిపోయిరి. మిగిలినవారిని అతడు సురక్షిత స్థలములకు చేర్చెను. శ్రీకృష్ణుని మునిమనుమడైన వజ్రుని ఇంద్రప్రస్థమున నిలిపెను. చేయవలసినదంతయు చేసి, వ్యాసభగవానుని ఆశ్రమమునకు వెళ్ళెను.

సావధానముగా చూచినచో ఇది సహాయకుని కథయే. ముంచివేసిన సముద్రము. వరుసగా శవసంస్కారములు. చేతికందినవారు కొందరు, చేయిజారినవారు కొందరు. చేతులు చాలని క్షణము. అన్నియు ముగిసిన పిదప మిగిలిన మౌనము. అర్జునునంతటివాడు తన మనస్సునకు శాంతి లేదనియు, జరిగినది మరల మరల తలపునకు వచ్చుచున్నదనియు వ్యాసునితో చెప్పుకొనెను. గీతను స్వయముగా భగవంతుని నోట విన్నవాడు ఆ మాట చెప్పెను. భక్తి చాలకపోవుటచేతనే మనస్సు చెదరునని చెప్పువారు అర్జునునికంటె గొప్ప భక్తుని చూపవలెను.

వ్యాసుడు చేసినది గమనింపదగినది. అతడు వచ్చినవాని ముఖము చూచెను. నీ తేజస్సు తగ్గినదేమి, ఏదైన అశౌచము సోకెనా, యుద్ధమున పరాభవము కలిగెనా అని తానుగా అడిగెను. ఇది మొదటిది. తరువాత అర్జునుడు చెప్పుచుండగా విని, ఓటమిని దాచుకొననక్కరలేని చోటు కల్పించెను. ఇది రెండవది. అటుపిమ్మట, కాలము చేసినదానిని నీ చేతకానితనముగా నెంచుకొనవలదనియు, నీవు చేయవలసిన కార్యము చేసితివనియు తెలిపెను. ఇది మూడవది. అర్జునుడు అచ్చటనుండి హస్తినకు పోయి, అన్నకు సమస్తమును విన్నవించెను. అడిగిన గురువు, విన్న అన్న, ఈ యిద్దరును అతనికి కలిగిరి.

వ్యాసుడు చేయనిదియు నొకటి కలదు. 'నీవు గాండీవివి గదా, నీకు శోకమేల' అని గద్దింపలేదు. పై యింటిలోని తండ్రి ప్రేమతోనే గద్దించినాడు. కాని వ్యాసుని దారి వేరు.

రామాయణమున జటాయువు వృత్తాంతమును ఇట్లే తలపవలెను. సీతాదేవి మొర విని అడ్డుపడినవాడు ఆయన. ముసలితనమున రావణునితో పోరాడి, రెక్కలు తెగి నేలపై పడెను. తల్లిని కాపాడలేకపోయెను. లోకము దృష్టిలో ఇది విఫలమైన ప్రయత్నము. రాముని దృష్టిలో కాదు. ఎందుకు కాపాడలేకపోతివని రాముడు అడుగలేదు. కౌగిలించుకొని దుఃఖించెను. ఆయన చెప్పిన మాటను విని, తన బంధువునకు చేసినట్లు దహనసంస్కారమును, జలతర్పణమును చేసెను. పరుగెత్తుట జటాయువు వంతు; ఫలము ఆయన చేతిలో లేదు. ప్రయత్నమును ఫలముతో కొలువరాదనుట కంటె సహాయకునకు కావలసిన ఉపదేశము మరియొకటి లేదు.

ధర్మశాస్త్రములు అనాథప్రేత సంస్కారమును మహాపుణ్యముగా చెప్పినవి. శవమును మోసినవానికి స్నానమును విధించినవి. దేహమునకు అంటిన అశౌచము నీటితో పోవును. కంటికి అంటినది, చేతికి గుర్తున్నది, ముక్కులో నిలిచిపోయిన వాసన, వీనికి స్నానమేది? వ్యాసాశ్రమమున అర్జునునకు జరిగినదే ఆ స్నానము. ఇది విడిచి, శవములను ఎత్తినవాడని వానిని గడప బయట నిలుపు ఆచారము ఎక్కడనైన మిగిలియున్నచో అది ఆచారము కాదు, అపచారము.

నేటి వైద్యశాస్త్రము చెప్పునదియు దీనికి విరుద్ధముగా లేదు. ఘోరమైన సంఘటనను చూచినవానికి కొన్నాళ్ళు నిద్ర చెదరుట, పీడకలలు వచ్చుట, ఉలికిపడుట, కోపము, తానే తప్పుచేసితినను తలపు సహజములు. ప్రాణాపాయమున మనలను మేల్కొలుపుటకు దేహములో కలిగిన ఉద్రేకము అపాయము దాటినను వెంటనే దిగిపోదు. విశ్రాంతి, ఆహారము, తనవారి తోడు లభించినచో ఎక్కువమందికి ఇది క్రమముగా సర్దుకొనును. నెల దాటినను తగ్గక, పనికిని సంసారమునకును అడ్డు వచ్చుచున్నచో అది చికిత్సకు లొంగు జబ్బు. బ్రతుకు వలదను మాట నోట వచ్చినచో నెల వరకు ఆగరాదు. ఆనాడే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను, ఒంటరిగా విడువరాదు.

నామస్మరణ చాలదా యని కొందరందురు. నామము ఎన్నడును చాలకపోదు. కాని నామధారియైన స్వామియే ధన్వంతరిగా అవతరించెను. లంకలో లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు సాక్షాత్తు శ్రీరాముడు ప్రక్కనే యుండెను. ఐనను సుషేణుడు ఓషధిని చెప్పెను, హనుమంతుడు పర్వతమును తెచ్చెను. రాముని సన్నిధిలో మందు అక్కరపడుట రాముని మహిమకు లోపము కాలేదు. కావున మానసిక వైద్యుని వద్దకు పోవుట విశ్వాసమునకు లోపము కాదు. కాలు విరిగినవానిని ఆసుపత్రికి పంపి, మనస్సు విరిగినవానిని తాయెత్తుతో ఇంట కూర్చుండబెట్టుట న్యాయము కాదు.

ఇక చేయవలసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో, ఆపదలో పనిచేయువారికై మానసిక ప్రథమచికిత్సను గూర్చి ఒక పుస్తకమును వెలువరించినది. చూడుము, వినుము, తగిన సహాయముతో కలుపుము అనునవి అందలి మూడు సూత్రములు. సహాయకులు తమ్మును, తోడివారిని కాపాడుకొనవలసిన విధము కూడ అందే చెప్పబడినది. మన దేశమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే విపత్తులలో మానసిక సేవలకు మార్గదర్శకములను ప్రకటించినది. వ్యాసుడు చేసినదానికి ఇవి దూరముగా లేవు.

దళములను నడుపువారు పనిని వంతులవారీగా పంచవలెను. ఒకే మనుష్యుని రాత్రింబగళ్ళు శవముల మధ్య నుంచరాదు. క్రొత్తవానికి పాతవానిని జత చేయవలెను. వేళకు అన్నము, నీరు, నిద్ర కల్పించుట దయ కాదు, ఆ పనిలో భాగము. దినము ముగిసినప్పుడు పెద్దవాడు ప్రతివాని ముఖము చూడవలెను. సెలవు అడిగినవానిని చులకన చేయరాదు. వైద్యుని చూచినందుకు ఎవని ఉద్యోగమునకును మచ్చ రాకూడదు. అట్లు మచ్చ వచ్చునను భయమున్నంతకాలము ఎవడును నోరు విప్పడు.

వెంటనే అంతయు చెప్పుమని బలవంతము చేయుటయు తగదు. గాయమును కెలకుట వేరు, కట్టుకట్టుట వేరు. ఒకే కూర్పున సంఘటననంతయు తవ్వి చెప్పించుట మేలు చేయదని నేటి వైద్యులు తెలిసికొనిరి. వాడు చెప్పదలచినప్పుడు వినుటకు ఒకరు ఉన్నారను నమ్మిక కలిగించుటయే ముఖ్యము.

గృహస్థులు చేయవలసినది ఇంకను సులభము. వచ్చినవానికి వేడినీళ్ళు, వేడియన్నము పెట్టవలెను. ఎంతమంది చచ్చిరి, ఎట్లుండెనని కుతూహలముతో అడుగరాదు. నీవు ఎట్లున్నావని అడుగవలెను. మృతుల ఫొటోలను సెల్‌ఫోనులలో పంచుకొనుట మానవలెను. అవి చూచినవానికి మరల చూపుట ఆరిన నిప్పును ఊదుట. సారాతో మరపు రాదు, తెల్లవారునప్పటికి బాధ రెట్టింపగునని మృదువుగా చెప్పవలెను. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నంబరును పంచాంగము ప్రక్కన గోడపై వ్రాసియుంచుట ప్రతి యింటికి మేలు.

దేవాలయములు చేయదగినదియు కలదు. తుఫాను నాడు గుడి తలుపులు తెరచి ఆశ్రితులకు అన్నము పెట్టుట మన దేశమున అనాదిగా నున్నది. తుఫాను వెళ్ళిన పిదప, సహాయము చేసినవారిని పిలిచి, తీర్థప్రసాదములిచ్చి, శఠారి శిరస్సున నుంచి, మంటపమున నెమ్మదిగా కూర్చుండనిచ్చిన ఎంత బాగుండును! శఠారి స్వామి పాదము. అది శిరస్సుపై నుంచబడినప్పుడు, నీ భారము నీది మాత్రమే కాదని చెప్పినట్లగును. శరణాగతి సిద్ధాంతము చెప్పునది ఇదియే. చేయగలిగినది చేసి, చేయలేనిదానిని ఆయన పాదములకడ దించవలెను. అయితే భారమును దించుటకు సాధారణముగా ఒక మనుష్యుడు చేయి ఆనించవలెను. తల మీది మూటను ఎవరైన పట్టుకొననిదే దింపుకొనుట కష్టమని పల్లెలో ప్రతివారికి తెలియును.

పై చెప్పిన పాలెములోని యింటికి మరల పోవుదము. తల్లి అడిగినది, కొడుకు దాచినాడు. తండ్రి గద్దించినాడు, కొడుకు మూగవోయినాడు. ఆ తండ్రియే ఒక సాయంకాలము ఇసుకపై వాని ప్రక్కన కూర్చుండి, "నేనూ నీళ్ళలో మనుషుల్ని పోగొట్టుకొన్నవాణ్ణే అబ్బయా. చెప్పాలనిపిస్తే చెప్పు. లేకుంటే ఊరకే కూర్చుందాం" అని అన్నాడనుకొనుడు. ఆనాడు వాడు చెప్పకపోవచ్చును. నాలుగవనాడు చెప్పును. ఆ పసిదాని చేయిని గూర్చి చెప్పును. తండ్రి వానిని ఆసుపత్రికి తానే వెంటబెట్టుకొని పోవును. ఆ ఇసుకయే వ్యాసాశ్రమము.

వచ్చు కార్తికమున సముద్రపు టొడ్డున దీపము పెట్టువారు తమ కుటుంబముల క్షేమమును కోరుదురు. నీటిలో పోయినవారికి సద్గతి కోరుదురు. వారికై నీటిలో దిగి, బ్రతికి వచ్చి, ఇంకను ఒడ్డునకు చేరని మనస్సులు కొన్ని ఆ జనములోనే నిలిచియుండును. దీపము పెట్టిన పిదప అట్టివాని నొకనిని గుర్తించి, దగ్గరకు పోయి, "ఎట్లున్నావు నాయనా?" అని అడుగుడు. అడిగి, తొందరపడక నిలువుడు. ఆపద్బాంధవునకు చేయు కైంకర్యములలో ఆయన చేతులుగా పనిచేసినవారిని ఓదార్చుట కంటె ఆయనకు ప్రీతికరమైనది వేరొకటి యుండునా?

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.